అరచేతిలోని హితవు



ఈ సాయంకాలము మీతో ముచ్చటింపదలచిన విషయము చేతిఫోను. దానిని తిట్టుటకు నేను రాలేదు, పొగడుటకును రాలేదు. మన పిల్లలు నిద్రలోనైనను విడువని యీ పరికరము ద్వారా, వారిని పొగాకునుండియు త్రాగుడునుండియు మరలించుటకు గడచిన యిరువదియేండ్లలో కొన్ని దేశములవారు ప్రయత్నములు చేసిరి. వానిలో కొన్ని ఫలించినవి, కొన్ని బెడిసికొట్టినవి. ఆ కథను వరుసగా చెప్పెదను. నిన్న మొన్నటి సంగతి చరిత్ర యెట్లగునని మీరడుగవచ్చును. రాజుల యుద్ధములే చరిత్రయని ముప్పదియేండ్లు బడిలో చెప్పినవాడను. ఆ తప్పును ఈ వయస్సున కొంత దిద్దుకొనవలెనని నా కోరిక.

అయినను రాజులతోనే మొదలుపెట్టుదును. పొగాకు మన దేశమునకు పోర్చుగీసువారి వలన వచ్చినది. అసద్ బేగు అను నుద్యోగి బిజాపురమునుండి దానిని అక్బరు కొలువునకు కొనివచ్చెను. అక్బరు కుతూహలముకొలది కొంచెము పీల్చి చూడగా వైద్యుడు వలదని వారించెను. ఆయన కుమారుడు జహంగీరు 1617లో పొగ త్రాగరాదని యాజ్ఞ వెలువరించెను. అంతకు పదుమూడేండ్ల ముందే, 1604లో, ఇంగ్లండు రాజగు మొదటి జేమ్సు పొగాకును ఖండించుచు స్వయముగా నొక చిన్నపుస్తకమును వ్రాసి, దానిపై సుంకమును విపరీతముగా పెంచెను. ఇద్దరు ప్రభువులు చెప్పిరి. వినినవారెవరు? జహంగీరు ఆజ్ఞ వెలువడిన సుమారు మూడువందల యేండ్లకు మన గుంటూరుసీమ పొగాకు పంటకే పేరుగాంచినది. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరగ్రామములలో స్త్రీలు చుట్టను వెలిగించి నిప్పువైపును నోటిలోనుంచుకొని త్రాగు అడ్డపొగను మీలో చూడనివారుండరు. దానివలన అంగిలికి పుట్టు పుండ్లను గూర్చి వైద్యులు గ్రంథములు వ్రాసియున్నారు.

రాజాజ్ఞ పనిచేయలేదు సరే. గురువుగారి బెత్తము పనిచేసినదా? నా అనుభవము చెప్పెదను. నేను ఉపాధ్యాయుడనై చేరిన తొలియేటనే బడిగోడ వెనుక నలుగురు పిల్లలు బీడీలు కాల్చుచు పట్టుపడిరి. నలుగురకును బెత్తముతో బుద్ధి చెప్పితిని. ఆ దెబ్బలతో వారు బడిగోడను మానిరి, బీడీని మానలేదు. చెరువుగట్టునకు పోయిరి. వారిలో నొకడు పాతికేండ్లు గడచిన పిమ్మట నాకొక పెండ్లిలో కనబడి, "ఎందుకు తాగుతున్నావురా అని ఆ రోజు ఒక్కమాట అడగలేదు మాస్టారూ" అనెను. ఇప్పుడైనను చెప్పుమంటిని. తండ్రి మంచమున పడియుండగా వాడు రాత్రులు చేనికాపు పోవుచుండెనట. అడవిపందుల భయమునకును నిద్ర యాపుకొనుటకును బీడీ నేర్చినాడట. పదునాలుగేండ్ల పిల్లవాడు! అడిగియుండినచో కాపునకు మరియొకరిని కుదుర్చుట ఆ యూరిలో అంత కష్టము కాదు. ఈ మాట నన్ను ఇప్పటికిని విడువలేదు. ముందు చెప్పబోవు కథ నాకు ఇంత రుచించుటకు కారణము గూడ నదియే.

ఎదుట నిలిచి చెప్పుకొనలేని మాటను దూరమునుండి చెప్పుకొనుటకు తంతిమాట, అనగా టెలిఫోను, మొదటి సాధనమైనది. 1953లో లండనునగరమున చాద్ వారా అను క్రైస్తవ మతాచార్యుడు ప్రాణముపై విసిగినవారు ఎవరైనను పిలిచి మాటాడవచ్చునని తన చర్చిలో నొక టెలిఫోను నుంచెను. సమారిటన్లను సంస్థ యట్లు పుట్టినది. 1992లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము పొగ మానదలచినవారికై రాష్ట్రమంతటికి నొక టెలిఫోను సలహాకేంద్రమును తెరచినది. కాని యీ పద్ధతిలో నొక లోటు కలదు. బాధపడువాడే ముందు పిలువవలెను. పదునేడేండ్ల కుఱ్ఱవాడు తనంతట తాను, నాకు చెడ్డ యలవాటున్నది, వినుడని పరాయివారిని పిలుచుట యెంత దుర్లభమో మీకు నేను చెప్పనక్కరలేదు.

అదే 1992వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన ఇంగ్లండులో చేతిఫోనునకు మొదటి వ్రాతసందేశము పోయినది. అందులోనున్నది క్రిస్మసు శుభాకాంక్ష మాత్రమే. మన దేశమున చేతిఫోను మీద మొదటి సంభాషణ 1995 జూలై 31వ తేదీన కలకత్తానుండి జ్యోతిబసుగారు, ఢిల్లీలోనుండి సుఖ్‌రాం గారు జరిపిరి. అప్పుడు నిమిషమునకు అయిన ఖర్చు తలచుకొన్నచో నేటి కుఱ్ఱవాండ్రు నవ్వుదురు. వ్రాతసందేశములో నున్న సుగుణ మేమనగా, అది చప్పుడులేక వచ్చును, ప్రక్కనున్నవారికి తెలియదు, చదువువాని ముఖము చెప్పువానికి కనబడదు. సిగ్గున్నచోట ఇది చిన్న మేలు కాదు.

దీనిని మొదట బాగుగా వాడుకొన్నవారు న్యూజిలాండు పరిశోధకులు. వారు 1705 మంది పొగత్రాగువారిని తీసికొనిరి. సగముమంది ఇరువదిరెండేండ్లకు మించనివారే. చీట్లు వేసినట్లు వారిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టునకు మాత్రము ప్రతిదినము సందేశములు పంపిరి. మానవలసిన దినమును వారిచేతనే నిర్ణయింపజేసిరి. పొగమీదికి మనస్సు పోవు వేళలలో ఆటల కబుర్లును, చిక్కు ప్రశ్నలును పంపి మనస్సును మరలించిరి. మన పెద్దలు ఏడ్చు బిడ్డకు చందమామను చూపుటయు నిట్టిదే గదా. ఆరువారములకు మానితిమని చెప్పినవారు సందేశములు పొందిన జట్టులో నూటికి 28 మంది, తక్కిన జట్టులో 13 మంది. ఈ ఫలితములు 2005లో ప్రకటితమైనవి. అందును నాకు మిక్కిలి నచ్చిన సంగతి యొకటి కలదు. ఆ దేశపు పూర్వవాసులగు మావోరీల కొఱకు వారి భాషలోను, వారి యాచారములను తలచుచును వేరుగా సందేశములు కూర్చిరి. తెల్లవారికెంత మేలు జరిగినదో మావోరీలకును అంతే జరిగినది. స్వభాషలో చెప్పిన హితవుయొక్క బలమును గూర్చి పండితులు వేదికలపై చెప్పుచుందురు. ఇచట లెక్కవేసి చూపిరి.

అయితే మానితిమన్న వారి మాటయే అక్కడ ప్రమాణము. పొగత్రాగువాని మాటను పూర్తిగా నమ్మరాదని వాని భార్య యెరుగును. అందుచేత లండనులోని పరిశోధకులు మరియొక మెట్టెక్కిరి. 5800 మందిని చేర్చుకొని, మానితిమన్నవారి లాలాజలమును తపాలాలో తెప్పించి పరీక్షించిరి. పొగాకు త్రాగినవాని నోటి నీటిలో దాని జాడ మిగులును, అబద్ధము నిలువదు. ఆరునెలలు గడచునప్పటికి సందేశములు పొందినవారిలో నూటికి 10.7 మంది, పొందనివారిలో 4.9 మంది నిజముగా మానియుండిరి. 2011లో ఈ వార్త వెలువడినది. నూటికి పదిమందియేనా యని పెదవి విరువకుడు. తొంబదిమంది మిగిలిపోయిరన్నది నిజమే. కాని చెప్పనిచోట మానినవారికి రెట్టింపునకు మించి చెప్పినచోట మానిరి. సందేశమునకు అగు ఖర్చు ఎంత స్వల్పమో చూచుకొనుడు.

ఆ లండను యేర్పాటులో గమనింపదగిన చిన్న కిటుకొకటి కలదు. మొదటి అయిదువారములు దినమునకు అయిదు సందేశములు వచ్చును, పిదప తగ్గును. కాని మధ్యలో ఎప్పుడైన పొగకై ప్రాణము కొట్టుకొనినచో, ఆసక్తి కలిగినదను అర్థముగల ఒక్క ఇంగ్లీషు మాట వ్రాసి పంపిన చాలును, వెంటనే బదులు వచ్చును. కాలుజారి త్రాగినచో దానికి వేరొక మాట. తిట్టు లేదు, బెత్తము లేదు. మరల మొదలుపెట్టుమను ధైర్యవచనము వచ్చును.

ఇక్కడ ఒక ప్రక్కదారి త్రొక్కెదను, మన్నింపుడు. ఇది యువకుల వ్యసనములకు సంబంధించినది కాదు, కెన్యాదేశమున హెచ్‌.ఐ.వి. వ్యాధిగ్రస్తుల కథ, అయినను విడువజాలను. వ్యాధి వచ్చినవారు మందు తప్పక మ్రింగవలెను. పలువురు మధ్యలో విడుచుచుండిరి. ఆస్పత్రివారు 538 మందిలో సగముమందికి వారమునకొకసారి సందేశము పంపిరి. అందులో మందును గూర్చి మాటయే లేదు. స్వాహిలీభాషలో "మాంబో?" అని మాత్రముండును. ఏమిరా, ఎట్లున్నావని దాని భావము. బాగున్నచో "సావా" యనియు, కష్టమున్నచో "షిదా" యనియు రెండుదినములలో బదులు పంపవలెను. కష్టమనినవానిని నర్సు స్వయముగా పిలిచి మాటాడును. అంతే. మందు సరిగా వాడినవారు ఈ జట్టులో నూటికి 62 మంది, తక్కిన జట్టులో 50 మంది. 2010లో ఇది చదివినప్పుడు నాకు చెరువుగట్టు, ఆ పిల్లవాడు జ్ఞప్తికి వచ్చినారు. మాంబో యని అడిగినవారు వానికి లేకపోయిరి.

ఇక యాపుల సంగతి. యాపు అనగా క్రొత్తతరపు ఫోనులో చేర్చుకొను నొక పనిముట్టు. ఒకటి వాన రాకను చెప్పును, ఒకటి మిరప ధరను చెప్పును, ఒకటి డబ్బు పంపును. 2008 జూలైలో ఆపిల్ కంపెనీవారు వీని కొఱకు నొక అంగడి తెరచినది మొదలు ఇవి పుట్టగొడుగులవలె మొలచినవి. పొగ మాన్పింతుమని చెప్పుకొను 47 యాపులను కొందరు పరీక్షించి 2011లో ఫలితము ప్రకటించిరి. వైద్యులు అంగీకరించిన పద్ధతులను పాటించునవి వానిలో అరుదు. సందేశములను పరిశోధకులు ఏండ్లతరబడి తూచి చూచిరి. యాపులను వర్తకులు ఒక్క మాసములో అల్లి అంగడిలో పెట్టిరి. తేడా అక్కడనున్నది.

అయితే వర్తకులు మాత్రమే పొరబడిరనుట న్యాయము కాదు. స్వీడను దేశపు కథ వినుడు. ఆ దేశమున సారాయంగళ్లు సిస్టంబొలాగెట్ అను ప్రభుత్వసంస్థవే. మనకును ఆంధ్రప్రదేశమున 2019 నుండి 2024 వరకు ప్రభుత్వపు మద్యపుదుకాణములుండెను గాన మీకిది వింత కాదు. ఆ సంస్థవారు సదుద్దేశముతో ప్రొమిల్లెకోల్ అను యాపును వెలువరించిరి. నీ బరువెంత, ఆడా మగా, ఎన్ని గ్లాసులు త్రాగితివి అని చెప్పినచో, రక్తములో మద్యము వేయింటికెన్ని పాళ్లున్నదో లెక్కకట్టి చూపును. తన స్థితి తనకు తెలిసినచో యువకుడు గ్లాసు దించునని వారి యాశ. స్టాక్‌హోము పరిశోధకులు 1932 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులను తీసికొని, కొందరకు దీనిని, కొందరకు మరియొక యాపును ఇచ్చి, కొందరకు ఏమియు నీయక, ఏడువారములు కనిపెట్టిరి. ఫలితము 2014లో తేలినది. ప్రొమిల్లెకోల్ పొందిన మగవిద్యార్థులు వారమునకు త్రాగు దినములు తగ్గలేదు సరికదా, పెరిగినవి! రెండవ యాపు మేలును చేయలేదు, కీడును చేయలేదు.

ఎందుకిట్లయినది? నాకు తోచినది చెప్పెదను. ఆ యంత్రము అడిగినది గ్లాసుల లెక్క మాత్రమే. లెక్క చూపినంతనే కుఱ్ఱవానికి ఇంకను కొంచెము చోటున్నదని తెలిసినది. హద్దు కనబడినవానికి హద్దుదాక పోవలెనను బుద్ధి పుట్టును. చేనిగట్టు విషయమున ఈ సంగతి మనకందరకును అనుభవమే. గొప్ప సంగతి యేమనగా, ఆ పరిశోధకులు తమ దేశపు సర్కారు యాపు కీడు చేసినదని దాచక ప్రకటించిరి. అంతటితో విడువక పనికి మరల పూనుకొనిరి. లెక్క చెప్పుటకు మారుగా, స్నేహితులు బలవంతపెట్టినప్పుడు కాదనుట యెట్లు, మనస్సు లాగినప్పుడు ఏమి చేయవలెనని నేర్పు వేరొక యాపును కూర్చి, అధికముగా త్రాగు విద్యార్థులకిచ్చి చూచిరి. దానివలన మితిమీరి త్రాగువారు తగ్గిరని 2017లో వెల్లడించిరి.

అదే యేట స్విట్జర్లాండునుండియు మంచి వార్త వచ్చినది. అక్కడ పైతరగతులలోను, వృత్తివిద్యాలయములలోను చదువు 1041 మంది పిల్లలపై పరీక్ష జరిగినది. మూడునెలలు, ఒక్కొక్కని యలవాటును బట్టి యొక్కొక్కనికి వేరువేరుగా సందేశములు పోయినవి. ఒక్క కూర్చుండులో విపరీతముగా త్రాగువారు ఆ జట్టులో నూటికి ఆరుగురు చొప్పున తగ్గగా, సందేశములు లేని జట్టులో రెండు మూడు చొప్పున పెరిగిరి. అమెరికాలోనైతే క్రొత్త పిశాచము ఆవిరి సిగరెట్టు. మన పార్లమెంటు దానిని 2019లోనే నిషేధించినది. అచట అది బడిపిల్లలలో ప్రబలగా, ట్రూత్ ఇనిషియేటివ్ అను సంస్థ యువకుల మాటలలోనే, మానినవారి యనుభవములనే సందేశములుగా కూర్చి 2019లో పంపనారంభించినది. పదునెనిమిది మొదలు ఇరువదినాలుగేండ్ల లోపు 2588 మందిపై పరీక్షింపగా, ఏడునెలలకు నూటికి 24.1 మంది మానిరి. సందేశములు లేనివారిలో 18.6 మంది.

మేలును కీడును చెప్పినప్పుడు రహస్యపు మాట చెప్పకుండుట తగదు. మన యూళ్లలో పిల్లవాడు తన తప్పును మేనమామతో చెప్పుకొనును, తండ్రితో చెప్పడు; మేనమామ కడుపులో దాచుకొనును. యాపు అట్లు దాచునా? మనోవ్యాకులతకును, పొగ మానుటకును ఉద్దేశించిన 36 ప్రసిద్ధ యాపులను 2019లో శోధించి చూడగా, 29 యాపులు తమవారి సమాచారమును గూగుల్, ఫేస్‌బుక్ కంపెనీల చేతికి ప్రకటనలకో గణాంకములకో అందించుచుండెను. వానిలో పెక్కు ఆ సంగతిని ముందుగా చెప్పనైనను లేదు. మేనమామ చావడిలో కూర్చుండి మేనల్లుని గుట్టు అంగడివానికి చెప్పినట్లున్నది.

మన దేశపు వంతు కొంత ఆలస్యముగా వచ్చినది. 2019లో జరిపిన విచారణలో పదుమూడు మొదలు పదునైదేండ్ల బడిపిల్లలలో నూటికి 8.5 మంది ఏదో యొక రూపమున పొగాకు వాడుచున్నట్లు తేలినది. 2016 జనవరిలో కేంద్ర ఆరోగ్యశాఖవారు సందేశముల ద్వారా పొగాకు మాన్పించు నేర్పాటును ఆరంభించిరి. దానిలో చేరుటకు ఒక మిస్‌డ్ కాలు ఇచ్చిన చాలును. ఒక్క పైసా ఖర్చులేక కబురు పంపు నీ యుపాయమును కనిపెట్టినది మన పేదజనమే; సర్కారు వారియొద్ద నేర్చుకొన్నది. కొలదికాలములోనే ఇరువదిలక్షలకు మించి జనులు చేరిరి. కాని తొలుత ఆ సందేశములు హిందీ, ఇంగ్లీషులలోనే ఉండెను. అడ్డపొగ త్రాగు కళింగతీరపు ముసలమ్మకు హిందీలో హితవేమి యెక్కును? న్యూజిలాండువారు మావోరీలను తలచుకొన్న పదునొకండేండ్లకు మనము తెలుగును మరచితిమని నాకు కొంత కష్టము తోచినది.

మరియొక చిక్కు. హితవు వచ్చు నరచేతిలోనికే జూదమును వచ్చుచున్నది. పూర్వము పేకాట పాకను పెద్దలు పోయి చెదరగొట్టగలిగిరి. నేడు పాక లేదు. పిల్లవాడు గోడవైపు తిరిగి పండుకొని, తండ్రి అమ్మిన ధాన్యపు డబ్బును ఫోనులో ఒడ్డుచున్నాడు. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను ఫోనుజూదమును శాసనముతో నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని శాసనము చేసినది. శాసనములు కావలసినవే. జహంగీరు కథను మాత్రము మీరు మరువరనుకొందును. ఆ జూదపు యాపులను అల్లినవారు ఏ వేళ, ఏ మాటతో పిలిచిన కుఱ్ఱవాడు వచ్చునో బాగుగా నేర్చినవారు. న్యూజిలాండు పరిశోధకులు నేర్చిన విద్యయు నదియే. విద్య యొక్కటే, చేతులు వేరు.

మాటాడువారు కావలెనన్నవారికి ఇప్పుడొక సదుపాయము కలదు. 2022 అక్టోబరు 10వ తేదీన కేంద్రప్రభుత్వము టెలి-మానస్ అను సలహాకేంద్రమును తెరచినది. 2024లో అదే తేదీన దానికి యాపును చేర్చినది. ఏ వేళ పిలిచినను మనిషి పలుకును, తెలుగున మాటాడవచ్చును, ఖర్చు లేదు. పొగాకు మానదలచినవారికి వేరే జాతీయ సంఖ్యయు కలదు. మన చావడులలో జాతర తేదీలు వ్రాయు పలకలమీద ఈ రెండును వ్రాయించిన బాగుండును. కాగితము, కలము దగ్గరనున్నవారు వ్రాసికొనుడు. టెలి-మానస్ సంఖ్య 14416. పొగాకు విషయమునకు 1800-11-2356. మొదటిదానిని మరల చెప్పుచున్నాను: 14416.